పది నంబరు స్పానర్

వాల్పరాయిసోలో కొండమీదికి మనుషుల్ని లాగే
పాత చెక్కపెట్టెకి మెకానిక్‌ని నేను.
ఇనుప తాడు ఏ పూట ఎలా మూలుగుతుందో తెలుసు,
గ్రీజు ఎండితే చక్రం ఎవర్ని తిడుతుందో తెలుసు.
ఎముక సంగతి తెలీదు.

ఆగస్టు వానలో మైక్రోబస్సు మలుపు తిరిగింది.
సెబోయా తిరగలేదు.
సెబోయా అంటే ఉల్లిపాయ.
దోన్యా ఎర్మెలిందా కొట్టు ముందు
ఉల్లి బస్తాలమీదే దాని నిద్ర, అందుకని.
ఎవరి కుక్కా కాదు. ఆ మెట్ల కుక్క.

వెనక ఎడమకాలు, మోకాలి కింద,
ఎముక చర్మాన్ని చీల్చుకుని
తెల్లగా వానని చూసింది.

కాఫీ డబ్బా ఒకటి గడపగడపకీ తిరిగింది.
రొట్టెల బట్టీవాడు వేశాడు, చేపల ఒస్వాల్దో వేశాడు,
కుక్కలంటే గిట్టని తపాలా ఆమె
అందరికంటే ఎక్కువ వేసి
"ఎవరికీ చెప్పకండి" అంది.
అందరికీ చెప్పాం.

"లోపల పలక వేసి కుట్టెయ్యరాదా?" అనడిగాను.
"పుండు తెరుచుకుని ఉంది.
చీముని లోపలుంచి తలుపేసుకున్నట్టవుతుంది.
అందుకే ఇనుము బయటుంటుంది" అంది డాక్టర్ యాస్నా.

అద్దంలోంచి చూస్తే ఆ డ్రిల్లుకి నవ్వొచ్చింది.
ఎద్దుగానుగ నయం.
తరవాత ఆమెతో అన్నాను, నేనైతే రెండు క్షణాల్లో, అని.
"వేగంగా తిప్పితే ఎముక మాడుతుంది.
మాడిన ఎముక మేకుని పట్టుకోదు."
ముప్పయ్యేళ్ళుగా ఇనుము తింటున్నాను,
ఈ మాట నాకెవరూ చెప్పలేదు.

విరిగినచోటికి పైన మూడు మేకులు, కింద మూడు.
బయట రెండు కడ్డీలు, బిగింపులు, నట్లు.
కాలి చుట్టూ పరంజా.
లోపల పనివాళ్ళెవరో కనిపించరు,
గోడ మాత్రం లేస్తుందట.

మెట్లెక్కనివ్వొద్దన్నారు.
నా యంత్రాల గదిలో కట్టేశాను.
రోజూ పొద్దున ఉప్పునీళ్ళతో ఒక్కో మేకు మొదలూ తుడిచాను,
ఎండిన పొక్కు లాగకుండా, నానబెట్టి.
బయటికి వెళ్ళాలంటే పెట్టెలోనే దింపాను, పెట్టెలోనే ఎక్కించాను.
టిక్కెట్టు లేని ప్రయాణికురాలు.
కిటికీ పక్క చోటు దానిదే.

కడ్డీ బల్లకి తగిలితే టింగ్.
పీపాకి తగిలితే టంగ్.
నా పిక్కకి తగిలితే చప్పుడుండదు,
నా నోట్లోంచి వస్తుంది.
రాత్రి షిఫ్టులో ఆ టింగ్ వినబడకపోతే
లేచి టార్చి వేసి చూసేవాణ్ణి.

ఏడో వారం ఎక్స్‌రే.
విరిగినచోట పొద్దుటి రేవుమీది మంచులాంటి మసక.
"అదే" అంది యాస్నా, వేలు పెట్టి.
"ఇప్పుడొక కడ్డీ తీసేస్తా."
గట్టిపడుతున్నప్పుడు తీసెయ్యడమేమిటని అరిచాను.
"మొత్తం ఇనుమే మోస్తే ఎముక బద్ధకిస్తుంది.
కాస్త బరువు దాన్నీ మొయ్యనీ."

సొరుగులన్నీ లాగింది. స్పానర్ కనబడలేదు.
నిన్న పిల్లలెవరో ఆడుకున్నారట.
నా జేబులో ఉంది, పది నంబరు,
తాత చేతినుంచి నాకొచ్చింది, అంచు అరిగినది.
ఎన్ని వేల నట్లు తిప్పానో దాంతో.
ఈ నట్టు వెనకాల నాడి కొట్టుకుంటోంది.
చెయ్యి వణికింది, చెబితే సిగ్గు.
అర చుట్టు తిప్పాను. సెబోయా నా చెవి నాకింది.

పదకొండో వారం మిగతాదీ తీశారు.
ఆరు చిన్న గుంటలు,
వాటిమీద కొత్త వెంట్రుకలు, అడ్డదిడ్డంగా.
కాలు తిన్నగానే ఉంది.
తోక ఎప్పటిలాగే వంకర, దానికెవరూ డబ్బా పట్టలేదు.

ఇప్పుడది బస్సు చప్పుడు వింటే
మలుపుకి నాలుగు మెట్ల ముందే కూచుంటుంది.
బస్సు వెళ్ళేదాకా లేవదు. నేనూ లేవను.

కడ్డీలు కడిగి, మరగబెట్టి
ఒస్వాల్దో పిల్లికి వేశారు, ముందు కాలికి.
చూసొద్దామని వెళ్ళాను.
అది మంచం కిందనుంచి వచ్చి
గిన్నెలోంచి చేప తీసుకుని మళ్ళీ కిందికి పోయింది.
అంత ఇనుమేసుకుని
ఒక్క టింగ్ కూడా లేకుండా.